పాచిక పడ్డాక ఏం జరిగిందో రాయండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పెద్ద కంపెనీల అండ లేకుండా ఒకరో ఇద్దరో రాసి, సొంతంగా విడుదల చేసుకునే టేబుల్‌టాప్ ఆర్పీజీల (రోల్ ప్లేయింగ్ గేమ్‌ల) మీద ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. కొత్తవారి కోసం ముందు ఒక మాట. నలుగురైదుగురు చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని, "నేను గోడ దూకుతా", "నేను కావలివాణ్ని మాటల్లో పెడతా" అంటూ మాటలతోనే కథ నడిపే ఆట ఇది. పని అవుతుందో కాదో అనుమానమున్న చోట పాచిక వేస్తారు. ఎదురుపడే మనుషులను, ఊళ్లను, ఆపదలను చూపించే మనిషిని జీఎం, అంటే గేమ్ మాస్టర్ అంటారు. 1974లో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆట అంగట్లోకి వచ్చింది. ఒగ్గుకథలో కథకుడు పాత్రలోకి దూరి, మరుక్షణం బయటికొచ్చి కథ అందుకోవడం చూస్తూ పెరిగినవాళ్లకు ఇందులోని రాకపోకలు కొత్తగా అనిపించవు.

ప్రశ్న: హనుమకొండల రూమ్ తీసుకొని ఉంటున్న నలుగురు దోస్తులం. పదహారు పేజీల చిన్న ఆట పీడీఎఫ్ దొరికింది. రాసినాయన "ఆడి ఫీడ్‌బ్యాక్ ఇయ్యండి" అని చివర రాసిండు. మాలో ఎవ్వరం ఇంతకుముందు ఆడలే. ఎట్ల మొదలుపెట్టాలె?
– హనుమకొండ

నలుగురంటే సరిగ్గా సరిపోతారు: ఒకరు జీఎం, ముగ్గురు ఆటగాళ్లు. ముందు పీడీఎఫ్‌ను కాగితం మీదికి తెండి. ఫోన్లో చదువుతూ ఆడితే ప్రతి అనుమానానికీ అందరూ ఫోన్లోకి తల దూరుస్తారు, మళ్లీ బయటికి రారు. పదహారు పేజీలు నాలుగుతో భాగమవుతాయి కాబట్టి జిరాక్స్ షాపులో బుక్‌లెట్ ప్రింట్ అడగండి. నాలుగు ఏ4 కాగితాలు రెండువైపులా ప్రింటయి, మధ్యకు మడిచి రెండు పిన్నులు కొడితే పుస్తకమవుతుంది. కాగితాన్ని పొట్టి అంచు మీద తిప్పే సెట్టింగు పెట్టమని చెప్పండి, లేకపోతే వెనక పేజీలు తలకిందులుగా పడతాయి. పాత్ర వివరాలు రాసుకునే కాగితం మనిషికొకటి, రూల్స్ సారాంశం ఉన్న పేజీ ఇంకో రెండు కాపీలు తీయించండి. పెన్సిళ్లు, రబ్బరు, లూడో పెట్టెలోని పాచికలు ఉంటే చాలు.

జీఎం రెండుసార్లు చదవాలి. మొదటిసారి ఏకబిగిన. రెండోసారి పెన్సిల్ పట్టుకుని నాలుగు విషయాలు వెతకాలి: ఈ ఆటలో ఆటగాళ్లు ఎక్కువసేపు చేసే పని ఏమిటి, పాచిక ఎప్పుడు వేయాలి, వేసింది తప్పితే ఏమవుతుంది, ఆట ఎప్పుడు అయిపోతుంది. వీటిలో దేనికి పుస్తకంలో జవాబు దొరకదో అక్కడ గీత పెట్టుకోండి. ఆడకముందే దొరికిన ఫీడ్‌బ్యాక్ అది. రచయితకు దాని విలువ చాలా ఎక్కువ, ఎందుకంటే తన తలలో ఉన్న రూల్ కాగితం మీద లేదని రచయితకు తనంతట తానుగా కనపడదు.

మూడున్నర గంటలు తీరికగా పెట్టుకోండి. పాత్రల తయారీకి అరగంట, ఆటకు రెండు గంటలు, నడుమ ఛాయ్, చివర మాట్లాడుకోవడానికి అరగంట. ఆ చివరి అరగంట ఎగ్గొట్టకండి. ఇంటికెళ్లి పడుకున్నాక గుర్తుండేది చివరి సీను ఒక్కటే.

మొదటిసారి మాత్రం రూల్స్ మార్చకుండా ఆడండి. "ఇది మనకు పనికిరాదు" అని చదువుతుండగానే ఒక రూల్ తీసేస్తే రుచి చూడకుండా ఉప్పు వేసినట్టే. పిచ్చిగా కనపడిన రూలే రెండో గంటలో ఆటను నిలబెట్టొచ్చు. రూల్ దొరకక ఆట ఆగిపోతే రెండు నిమిషాలు వెతకండి. దొరక్కపోతే జీఎం ఏదో ఒకటి తేల్చి, ఏం తేల్చారో పేజీ నంబరుతో సహా రాసిపెట్టుకోవాలి.

ప్రశ్న: ఆటలో ఎనిమిది, పది, ఇరవై ముఖాల పాచికలు కావాలని ఉంది. మా దగ్గర లూడో పాచికలు, పేక, అష్టాచెమ్మా గవ్వలు తప్ప ఏమీ లేవు. గవ్వలతో ఆడొచ్చా?
– కాజీపేట

పేకతో చాలా దూరం పోవచ్చు. ఇస్పేటు ఆసు నుంచి పది దాకా పది ముక్కలు విడిగా తీసుకోండి, ఆసును ఒకటిగా లెక్కించండి. ఇదే మీ పది ముఖాల పాచిక. ఒక ముక్క తీసి చూసి, మళ్లీ కలిపి పిసకాలి. తిరిగి కలపకపోతే అది వేరే ఆట అవుతుంది: ఒకసారి వచ్చిన పది మళ్లీ రాదని అందరికీ తెలిసిపోతుంది, ఆ తెలివితోనే ఎత్తులు వేస్తారు.

ఇరవై ముఖాల పాచికకు మామూలు పాచిక ఒకటి, ఈ పది ముక్కలు కలిపి వాడండి. పాచిక 1, 2, 3 పడితే ముక్క మీద ఉన్న అంకె అంతే. 4, 5, 6 పడితే దానికి పది కలపండి. నాలుగు ముఖాల పాచికకు మామూలు పాచికే వేసి, 5, 6 పడితే మళ్లీ వేయండి. ఎనిమిది కావాలంటే దానితోపాటు రూపాయి బిళ్ల ఎగరేసి, బొరుసు పడితే నాలుగు కలపండి. పన్నెండుకు రెండు వేరే రంగుల పాచికలు తీసుకోండి: ఎర్రది 1 నుంచి 3 పడితే తెల్లది చూపిన అంకె, 4 నుంచి 6 పడితే ఆ అంకెకు ఆరు కలపాలి.

పన్నెండు ముఖాల పాచికకు బదులు రెండు పాచికలు వేసి కూడేస్తే పోలేదా అని చాలామంది అనుకుంటారు. పోదు. పన్నెండు ముఖాల పాచికలో ప్రతి అంకెకూ సమానంగా అవకాశం ఉంటుంది. రెండు పాచికలు కూడితే 36 రకాలుగా పడొచ్చు, అందులో 7 ఆరు రకాలుగా వస్తుంది, 12 ఒక్క రకంగానే వస్తుంది, 1 అసలే రాదు. నడిమి అంకెలు గుంపుగా వచ్చే ఆట, అంచు అంకెలు కూడా తరచుగా వచ్చే ఆట ఒకటి కాదు. మొదటిదాంట్లో పాత్ర బలానికి, అంటే పాచికల మొత్తానికి కలిపే పాత్ర నేర్పు అంకెకు, ఒక్కటి కలిపినా తేడా గట్టిగా తెలుస్తుంది.

ఇక గవ్వలు. నాలుగు గవ్వల్లో ఎన్ని వెల్లకిల పడ్డాయో లెక్కపెడితే సున్నా నుంచి నాలుగు దాకా ఐదు ఫలితాలు. గవ్వ రెండు వైపులా సమానంగా పడేదైతే 16 సార్లలో సున్నా ఒకసారి, ఒకటి నాలుగుసార్లు, రెండు ఆరుసార్లు, మూడు నాలుగుసార్లు, నాలుగు ఒకసారి వస్తాయి. కానీ గవ్వ వీపు ఉబ్బుగా, నోరు చదునుగా ఉంటుంది, ఏ రెండు గవ్వలూ ఒక్క తీరుగా పడవు. మీ గవ్వల్లో ఒక్కోదాన్ని వందసార్లు వేసి వెల్లకిల ఎన్నిసార్లు పడిందో రాసుకోండి. 50కి అటూఇటూగా ఉన్నవాటినే ఆటకు తీసుకోండి. మీరు సొంతంగా రాసుకునే ఆటకు గవ్వలు ఎంతో అందంగా ఉంటాయి, ఆ చప్పుడు ఒక్కటే చాలు అందరి చూపూ ఒకచోటికి తేవడానికి. ఇంకొకరి ఆటను పరీక్షించేటప్పుడు మాత్రం పాచిక బదులు ఏం వాడారో ఫీడ్‌బ్యాక్ మొదటి పంక్తిలోనే చెప్పండి. చెప్పకపోతే రచయిత మీ గవ్వల తప్పును తన రూల్ తప్పనుకుని దిద్దుకుంటాడు.

ప్రశ్న: తెలిసినాయన రాసిన ఆట ఆడి "సూపర్ ఉంది, నడుమ కొంచెం బోర్ కొట్టింది" అని పంపిన. "దీంతో నేనేం చేసుకోవాలె?" అని అడిగిండు. నిజం చెప్పిన కదా, ఇంకేం రాయాలె?
– కరీంనగర్

మీరు చెప్పింది నిజమే. అయితే అది మీ మనసులో మిగిలిన రుచి. రచయితకు కావాల్సింది ఆ గదిలో జరిగింది. తాను అక్కడ లేడు, మీరున్నారు. మీ కళ్లతో తనకు చూపించాలి.

తేడా ఎలా ఉంటుందో చూడండి. ఒక దొంగతనం ఆట ఆడారనుకుందాం. "దొంగతనం భాగం బోర్" అంటే చేతికి ఏమీ అందదు. ఇలా రాసి చూడండి: "ఏడో పేజీ రూల్ ప్రకారం ప్రహరీ ఎక్కడానికి ఒకసారి, పెరట్లో కుక్క కంటపడకుండా పోవడానికి ఒకసారి, గడియ తీయడానికి ఒకసారి పాచికలు వేయించాం. మూడోది తప్పింది. మళ్లీ మొదటి నుంచి ప్రయత్నించారు. ముప్పావుగంట గడిచినా పాత్రలు పెరట్లోనే ఉన్నాయి. అప్పుడు ఇద్దరు ఫోన్లు తీశారు." ఇది చదవగానే రచయితకు తన తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. ఆ ఆటలో రెండు పాచికలు కూడి, పాత్ర బలం 1 కలిపి, 7 దాటినా 7 పడినా గెలుపనుకుంటే, 36లో 26సార్లు గెలవాలి. నూటికి 72. కాగితం మీద ఉదారంగా కనపడుతుంది. కానీ ఒకే పనిని మూడు ముక్కలు చేసి మూడుసార్లూ గెలవాలంటే ఆ 72 కాస్తా 38కి దిగిపోతుంది. ఆటగాళ్లకు "మేం ఎప్పుడూ ఓడిపోతున్నం" అనిపించడం ఇందుకే. ఈ లెక్క మీరు చేయనక్కర్లేదు. ఎన్నిసార్లు వేశారో, ఎప్పుడు ఫోన్లు బయటికొచ్చాయో చెబితే లెక్క ఆయన చేసుకుంటాడు.

అందుకని ఆడేటప్పుడే పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకోండి. ఎడమ అంచున టైము, దాని పక్కన ఒక చిన్న వాక్యం. రూల్‌బుక్ తెరిచిన ప్రతిసారీ పేజీ నంబరు. "ఇప్పుడు నేనేం చెయ్యొచ్చు?" అని ఎవరైనా అడిగితే ఆ మాట ఉన్నదున్నట్టు రాయండి, ఎందుకంటే ఆ చోట ఆట ఆటగాడికి దారి చూపించలేదు. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట, పగలబడి నవ్విన చోట, ఎవరూ మాట్లాడని చోట ఒక్కో గుర్తు. పాచికలు వేసిన ప్రతిసారీ ఒక గీత. జీఎంకు ఇవన్నీ రాసే తీరిక ఉండదు. ఆటగాళ్లలో ఒకరికి అప్పగించండి, గంటకోసారి కాగితం చేతులు మారాలి.

పంపేటప్పుడు పైన నాలుగు వివరాలు తప్పకుండా ఉండాలి: ఏ తేదీ ఫైలు ఆడారు, ఎంతమంది, వాళ్లలో ఇలాంటి ఆటలు ఇదివరకు ఆడినవాళ్లెందరు, మొత్తం ఎంతసేపు పట్టింది. ఏ రూల్ మర్చిపోయారో, ఏది మార్చారో కూడా దాచకుండా చెప్పండి. రూల్ మర్చిపోవడం తప్పు కాదు, నలుగురూ ఒకే రూల్ మర్చిపోయారంటే అది పుస్తకంలో సరైన చోట లేదని అర్థం. రచయిత ప్రత్యేకంగా ప్రశ్నలు అడిగి ఉంటే ముందు వాటికే జవాబివ్వాలి. ఆ తర్వాత జరిగింది, దాని తర్వాత మీకు ఎలా అనిపించింది, అన్నిటికన్నా చివర, అదీ అడిగితేనే, ఎలా మార్చితే బాగుంటుందనేది. చాలామంది ఈ చివరిదాంతోనే మొదలుపెడతారు. "కుక్కను తీసేయండి, మాయమంత్రాలు పెట్టండి" అని. అలాంటి ఉత్తరం చదివితే మీకు ఎలాంటి ఆట కావాలో తెలుస్తుంది, ఆయన ఆటకు ఏమైందో తెలియదు.

మెప్పును కూడా ఇంతే కచ్చితంగా రాయండి. "సూపర్" వద్దు. "పాత్ర తయారుచేసేటప్పుడు 'నువ్వు ఎవరికి బాకీ ఉన్నావు?' అన్న ప్రశ్న దగ్గర ముగ్గురూ పదినిమిషాలు ఆగకుండా మాట్లాడారు, ఆ బాకీయే చివరి సీనుకు కారణమైంది" అనండి. ఇది మర్యాద కోసం కాదు. ఏది పనిచేస్తోందో తెలియకపోతే రచయిత తర్వాతి ముసాయిదాలో పేజీలు తగ్గించడానికి ఆ ప్రశ్ననే కొట్టేయొచ్చు.

మొత్తం రెండు పేజీలు దాటకూడదు. అచ్చుతప్పులు దొరికితే విడిగా పంపండి. ముప్పై అచ్చుతప్పుల నడుమ ఒక పెద్ద మాట కనపడకుండా పోతుంది.

ప్రశ్న: మా గుంపులో ఒకాయన మొత్తం తానే మాట్లాడతాడు, ఇంకొకామె రెండు గంటల్లో నాలుగు మాటలు కూడా అనదు. ఇది ఆట లోపమా, మా లోపమా?
– మంచిర్యాల

ఆమె పాత్ర కాగితం చూడండి. అందులో ఈ కథలో వాడుకోదగ్గ పని ఏదైనా ఉందా? సముద్రయానంలో నేర్పరి అని రాసి, కథంతా బొగ్గుబాయిలో నడిస్తే ఆమె ఏం మాట్లాడుతుంది? అలాంటిది కనపడితే లోపం ఆటది. పాత్రకు పనుండి కూడా వంతు రాకపోతే జీఎం సర్దాలి: ప్రతి సీను మొదట్లో ఆమె పాత్ర ఏం చేస్తోందో అడిగి, ఆ తర్వాతే మిగతావాళ్ల వైపు తిరగాలి. రూల్స్‌లో వంతుల పద్ధతి లేకపోవడం వల్ల ఇలా జరిగిందా అని తేల్చుకోవడానికి ఇంకో గుంపుతో ఒకసారి ఆడించండి. రెండుచోట్లా ఒకే పాత్ర మూగబోతే రాయండి. ఒక్కచోటే అయితే అది మీ ఇంటి సంగతి, రచయితను కష్టపెట్టొద్దు. కొందరికి వినడమే ఆట, ఆమె మళ్లీ వస్తానంటే ఆనందంగానే ఉందని తెలుసుకోండి.

ప్రశ్న: ఒక సీనులో హింస చెప్పిన తీరుకు నాకు వణుకొచ్చింది. అందరూ సీనియర్లు, ఆపమని చెప్పలేకపోయాను. ఇలాంటప్పుడు ఏం చేయాలి? ఇది ఫీడ్‌బ్యాక్‌లో రాయాలా?
– వరంగల్

ఆపలేకపోవడం మీ బలహీనత కాదు. ఆపడానికి దారి ముందే పెట్టుకోవాల్సింది. ఈ ఆటలాడేవాళ్లు ఎక్కువగా వాడేది ఎక్స్-కార్డ్, దీన్ని రూపొందించింది జాన్ స్టావ్రొపోలస్. ఒక అట్టముక్క మీద పెద్ద ఇంటూ గుర్తు గీసి నడుమ పెడతారు. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే అప్పుడు చెబుతున్నది అక్కడితో వదిలేసి కథ వేరే వైపు తిప్పాలి. ఎందుకని అడగకూడదు, చెప్పనక్కర్లేదు. రెండోది రాన్ ఎడ్వర్డ్స్ చెప్పిన గీతలు, తెరలు. ఆట మొదలుకాకముందే రెండు జాబితాలు రాస్తారు: కథలోకి అసలే రాకూడనివి గీతకు అవతల, జరిగినా తెర వెనక జరిగి వర్ణన ఉండకూడనివి తెర కింద.

మన దగ్గర ఇవి ఉన్నదున్నట్టు పెడితే చాలవు. అన్నలు, సీనియర్లు కూర్చున్న చోట చెయ్యి చాపి కార్డు ముట్టుకోవడం అందరివల్లా కాదు. అందుకని మొదటి అరగంటలోనే జీఎం ఏదో చిన్న విషయానికి తానే కార్డు ముట్టుకుని, కథ తిప్పి చూపించాలి. ఒకసారి చూశాక మిగతావాళ్లకు చెయ్యి లేస్తుంది. జాబితాలకు మనిషికో చీటీ ఇచ్చి, పేరు లేకుండా రాయించి, ఒక గిన్నెలో వేయించండి. ఖాళీ చీటీ కూడా అందులోనే పడాలి, అప్పుడు ఎవరు రాశారో తెలియదు. 50 నిమిషాలకోసారి అందరూ లేవాలి, మెల్లగా ఒక మాట చెప్పడానికి ఆ విరామమే సందు. ఇంకొకటి: పాత్రకు కులం పేరు తగిలించి యాస పెట్టి నవ్వించడాన్ని గీతకు అవతల మొదటి వరసలోనే రాయండి. ఒకరికి నవ్వయ్యేది పక్కన కూర్చున్నవారికి చిన్నప్పటి గాయం కావొచ్చు.

ఫీడ్‌బ్యాక్‌లో రాయాలి. ఎవరు ఇబ్బంది పడ్డారో రాయకండి. ఏ పేజీ, ఏ పట్టిక, ఏ వాక్యం ఆ సీనుకు దారితీసిందో రాయండి. గాయాల పట్టికలో అంకె వేసి ఫలితం చదివితే అలాంటి వర్ణన వచ్చిందంటే ఆ పట్టికను రచయితే మార్చుకోవాలి. పుస్తకంలో ఏమీ లేకుండా జీఎం సొంతంగా చెప్పినదైతే ఆ మాట జీఎంతోనే మాట్లాడుకోవాల్సింది.

ప్రశ్న: మేడారం జాతర మీద ఆట రాస్తున్న. సమ్మక్క తల్లికి బలం 18, సారలమ్మకు 16 అని వేసిన. ఆడిచూసిన దోస్తు "ఇది బాగలేదు" అన్నడు, ఎందుకో చెప్పలే. మీరేమంటరు?
– ములుగు

మీ దోస్తు సరిగ్గానే అన్నాడు. బలం 18 అని రాశారంటే 19 ఉన్నవాడు గెలుస్తాడని రాసినట్టే. పాచిక వేస్తే అమ్మవారు ఓడిపోయే అవకాశం మీ పుస్తకంలో పుడుతుంది. లక్షలమంది మొక్కే తల్లిని అంకెగా మార్చకండి. గద్దెల మీదికి వచ్చే తల్లులను ఆటగాళ్ల పాత్రలుగా కూడా పెట్టకండి.

ఆటగాళ్లు జాతరకు వెళ్లే మనుషులు కావాలి. అక్కడ కథకు కొదవలేదు. జాతర రెండేళ్లకోసారి, నాలుగు రోజులు. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది, రెండో రోజు చిలకలగుట్ట నుంచి సమ్మక్క, మూడో రోజు మొక్కులు, నాలుగో రోజు వనప్రవేశం. మీ ఆటకు నాలుగు సెషన్లు కట్టిపెట్టినట్టే ఉన్నాయి. ప్రతి పాత్రకూ ఒక మొక్కు ఉంటుంది: నిలువెత్తు బంగారం, అంటే మనిషి బరువంత బెల్లం. ఎత్తుబెల్లం ఎవరి కోసం, డబ్బు ఎక్కడిది, దారిలో ఎవరికి సాయం చేస్తే ఎంత తరుగుతుంది? పాచిక వేయాల్సింది ఇక్కడ. జంపన్నవాగులో స్నానానికి దిగిన పిల్లాడు గుంపులో తప్పిపోతే వెతకడానికి ఒక గంటా, గద్దె దగ్గర వరసా రెండూ పోతాయి. ఏది వదులుకుంటారు? బలాబలాలు అవసరమే లేదు.

ముసాయిదాను కోయ సమాజంలో జాతరను లోపలి నుంచి ఎరిగినవారితో చదివించండి. అచ్చుకు పోయే ముందు రోజు కాకుండా, ఇంకా మార్చగలిగే దశలో. వాళ్ల సమయానికి డబ్బివ్వండి, వద్దన్న మాట తీసేయండి. ఇలాంటి చదువరి ఒక్కరు చెప్పింది ఇరవై ప్లేటెస్టుల్లో, అంటే అచ్చుకు ముందు ఆడిచూసే ఆటల్లో, బయటపడదు.

ప్రశ్న: ఆట ఇంగ్లిష్‌లో ఉంది, మా తమ్ముడి దోస్తులంతా తెలుగు మీడియం. అనువాదం చేసి పంచుకోవచ్చా?
– జగిత్యాల

మీ ఇంట్లో ఆడుకోవడానికి రెండు పేజీల సారాంశం రాసుకోండి. బయట పంచాలంటే ముందు లైసెన్స్, అంటే రచయిత ఇచ్చిన అనుమతి, చూడండి. క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ అని ఉంటే రచయిత పేరు వేసి అనువదించి పంచొచ్చు. 2023 జనవరిలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ మూల రూల్స్ పత్రం 5.1ను ఈ పద్ధతిలోనే విడుదల చేశారు. నో డెరివేటివ్స్ అని ఉంటే అనువాదం పంచకూడదు. ఏమీ రాసి లేకపోతే రచయితకే ఉత్తరం రాసి అడగండి. చిన్న ఆటల రచయితలు చాలావరకు సంతోషిస్తారు.

అనువాదంలో మాటకు మాట పెట్టకండి. బేకర్ దంపతుల అపోకలిప్స్ వరల్డ్ 2010లో వచ్చాక చాలా చిన్న ఆటలు ఒకే పద్ధతి పట్టుకున్నాయి: రెండు పాచికలు కూడి బలం కలిపితే 10, ఆపైన పడితే పూర్తి గెలుపు, 7 నుంచి 9 నడిమి ఫలితం, 6, అంతకన్నా తక్కువైతే చిక్కు. ఏ బలమూ కలపకపోతే 36లో 15సార్లు ఆ నడిమి ఫలితమే వస్తుంది. అంటే ఆట రుచంతా అక్కడే ఉంది. దాన్ని "పాక్షిక విజయం" అంటే పిల్లలకు పరీక్ష మార్కులు గుర్తొస్తాయి. "పనైతది, కానీ ఒక చిక్కు మిగుల్తది" అని రాస్తే జీఎం వెంటనే ఆ చిక్కు కోసం వెతుక్కుంటాడు. డైస్, జీఎం, సెషన్ లాంటివి అలాగే ఉంచండి, అందరూ అంటున్నవే. క్రియలను మాత్రం మీ ఇంటి తెలుగులోకి తెండి.

తెలుగులో ఆడితే ఇంగ్లిష్‌లో లేని ఒక సాధనం దొరుకుతుంది. కావలివాడు పాత్రను "ఎవర్రా నువ్వు" అన్నాడా, "ఎవరు బాబూ మీరు" అన్నాడా అన్నదాంట్లోనే అతను ఎంత భయపడ్డాడో, ఎంత గౌరవిస్తున్నాడో తెలిసిపోతుంది. పాచిక చిక్కు చూపించినప్పుడు ఏమీ తోచకపోతే జీఎం మీరు నుంచి నువ్వుకు దిగితే చాలు.

ప్రశ్న: బాయిల షిఫ్టు డ్యూటీ. నలుగురం ఒక్కసారి కలవడం కుదరదు. ఒక్కణ్నే ఆడొచ్చా?
– భూపాలపల్లి

ఆడొచ్చు. షాన్ టామ్‌కిన్ రాసిన ఐరన్‌స్వోర్న్ పీడీఎఫ్ ఉచితం, ఒక్కరు జీఎం లేకుండా ఆడుకునేలా రాసింది. ఒక మామూలు పాచిక, రెండు పది ముఖాల పాచికలు కావాలి. కాజీపేట పాఠకుడికి చెప్పిన పేక చిట్కా ఇక్కడా పనికొస్తుంది, ముక్క తీసి, తిరిగి కలిపి, ఇంకోసారి తీయండి. గంట దొరికినప్పుడు ఒక సీను ఆడి, ఆపిన చోట తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటి రాసి పెట్టుకోండి. వారం తర్వాత తెరిచినా దారం దొరుకుతుంది. ఒంటరి ఆటకు ఫీడ్‌బ్యాక్ రాయడం ఇంకా తేలిక: పక్కన ఎవరూ సర్ది చెప్పరు కాబట్టి రూల్ అర్థం కాని చోట మీరు నిజంగానే ఆగిపోతారు. ఎన్ని నిమిషాలు ఆగిపోయారో రాయండి.

ప్రశ్న: నేను రాసిన ఆటకు రెండు గుంపుల నుంచి ఫీడ్‌బ్యాక్ వచ్చింది. ఒకరు పోరాటం మరీ సాగిందన్నారు, ఇంకొకరు ఇట్టే అయిపోయిందన్నారు. ఎవరి మాట వినాలి?
– సిద్దిపేట

ఇద్దరి మాటా. సాధారణంగా ఇద్దరూ నిజమే చెబుతారు, బల్లలే వేరు. మొదటి గుంపులో ఎంతమందో చూడండి. ఒక్కొక్కరి వంతుకు రెండు నిమిషాలు పడితే, ఐదుగురికి ఒక చుట్టు పది నిమిషాలు, నాలుగు చుట్లకు 40 నిమిషాలు. ముగ్గురే అయితే అదే పోరు 24 నిమిషాల్లో అయిపోతుంది. అప్పుడు మార్చాల్సింది దెబ్బల లెక్క కాదు, చుట్ల సంఖ్య: ఇంతమందికి ఇన్ని చుట్లలో పోరు తేలాలని ఒక వాక్యం పెట్టండి, లేదా సగం శత్రువులు పడగానే మిగతావాళ్లు పారిపోతారని రాయండి. ఇలాంటి కారణం దొరకకపోతే మూడో గుంపు దాకా ఏమీ మార్చకండి.

వచ్చిన ఉత్తరానికి వాదన రాయకండి. "మీరు పన్నెండో పేజీ సరిగా చదవలేదు" అన్నారంటే ఆ గుంపు మళ్లీ ఆడదు. చదవలేదంటే పన్నెండో పేజీ వాళ్ల కంటికి కనపడలేదు. ఆ రూల్ నాలుగో పేజీలో ఉండాలేమో చూసుకోండి. వాళ్లు చెప్పిన ఇబ్బందిని నమ్మండి, చెప్పిన మందును మాత్రం మీరే తేల్చుకోండి.

వీలైతే ఒక గుంపు ఆడుతుండగా వెనక కూర్చుని చూడండి, నోరు విప్పకుండా. వాళ్లు రూల్ తప్పుగా పట్టుకుని ముందుకు పోతుంటే సరిదిద్దాలని ప్రాణం కొట్టుకుంటుంది. సరిదిద్దితే ఆ తప్పు ఎంత దూరం పోతుందో మీకు ఎప్పటికీ తెలియదు. మీరు లేని ఊళ్లో, మీరు ఎరగని మనుషులు ఒక్క పుస్తకంతో ఆడగలిగినప్పుడే పుస్తకం పూర్తయినట్టు. అందుకని మూడు గుంపుల్లో ఒకటైనా మీరు అసలు వెళ్లనిది ఉండాలి.

ఒక్కసారి ఒక్క రూలే మార్చండి. ఫైలు పేరులో తేదీ పెట్టండి, "ఫైనల్", "కొత్త ఫైనల్" అని కాదు. రెండు రూల్స్ కలిపి మార్చి ఆడిస్తే, ఆట బాగుపడినా చెడినా ఏ మార్పు వల్లో తేలదు. ఆడిచూసినవారి పేర్లు పుస్తకం చివర వేయండి, వేసే ముందు ప్రతి ఒక్కరినీ అడగండి: ఇంటిపేరుతోనా, పొడి అక్షరాలతోనా, అసలు వద్దా అని. వాళ్లు ఎలా రాయమంటే అలాగే, ఆ స్పెల్లింగుతోనే.